అటక మీది బ్యాటు మళ్లీ కిందకి దించొచ్చా?

ప్రశ్న అడిగిన తమ్ముడు గారికి నమస్కారమండి. మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీది తణుకు దగ్గర ఊరు, వయసు 63, ఇరిగేషన్ శాఖలో రిటైరై మూడేళ్లయింది. ఒకప్పుడు బాల్ బ్యాడ్మింటన్ బాగా ఆడేవారు, చుట్టుపక్కల ఎక్కడ పద్యనాటకం వేసినా సైకిలేసుకుని పోయేవారు. ఇప్పుడు పిల్లలు హైదరాబాద్‌లో, స్నేహితుల్లో సగం మంది వాళ్ల పిల్లల దగ్గరికెళ్లిపోయారు, పొద్దస్తమానం ఫోనూ టీవీనే. పాత ఫోటోలు చూస్తే గుండె బరువెక్కుతోంది, సొంతూరు వెళ్తే ఏదీ పాతది మిగల్లేదు, ఈ వయసులో ఆటలేంటి తిరుగుళ్లేంటి అని ఇంట్లో అంటున్నారు, ఏం చెయ్యమంటారు అన్నారు. చివర్లో అటక మీద పాత బ్యాటుంది, గట్ తెగింది, పారేయనా అని కూడా అడిగారు.

సూటిగా చెప్పేస్తానండి. అన్నీ మళ్లీ మొదలుపెట్టొచ్చు, ఆటా నాటకం ప్రయాణం మూడూను. కాకపోతే ఒక్కటి గట్టిగా పట్టుకోండి: జ్ఞాపకాల కోసం కూర్చోకండి. ఏదో ఒక పని పెట్టుకుని, ఎవరో ఒకర్ని వెంటేసుకుని బయల్దేరండి. జ్ఞాపకాలు దార్లో వాటంతటవే వచ్చి కలుస్తాయి. ఇంట్లో ఒక్కరే కూర్చుని ఫోటోలు తిరగేస్తే వచ్చే బరువు, అదే సంగతి ఇంకొకరితో గట్టు మీద నడుస్తూ చెప్పుకుంటే రాదు. ఇది నేను పన్నెండేళ్లుగా నా మీదా, మా బ్యాచ్ వాళ్ల మీదా చూస్తున్న సంగతి.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు డ్రిల్లు మాస్టార్ని. వయసు 72, ఉండేది రావులపాలెం పక్కన. రిటైరయ్యాక పొద్దున్నే ఆడుకునే పెద్దవాళ్ల బ్యాచ్ ఒకటి తయారైంది, మొత్తం పదకొండు మందిమి, అందరికంటే చిన్నాయనకి 54, పెద్దాయనకి 78. నెలకోసారి ఎక్కడికో అక్కడికి వెళ్తాం. చెప్పేదంతా ఆ అనుభవంలోంచేనండి, పుస్తకంలోది ఎక్కడైనా ఉంటే అది పుస్తకంలోదని చెప్తాను.

మీ బాధ సంగతి ముందు మాట్లాడదాం, మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. రిటైరైన కొత్తలో నేనూ మీలాగే చేశాను. మొదటి పోస్టింగ్ ఊరు ఓసారి చూసొద్దామని ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్లాను. నా మనసులో ఏముందంటే పెంకుల షెడ్డు, దాని ముందు వేపచెట్టు, చెట్టు కింద సున్నం గీతలు. తీరా వెళ్తే షెడ్డు లేదు, చెట్టు లేదు, రెండంతస్తుల బిల్డింగు, గేటు దగ్గర కుర్రాడు ఎవరు కావాలండి అని అడిగాడు. ఎవరు కావాలో నాకే చెప్పడం చేతకాలేదు. తిరిగొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదండి.

తర్వాత రెండు నెలలకి అదే ఊరు కొబ్బరికాయల పని మీద వెళ్లాల్సొచ్చింది, మా బావమరిది తోట దింపు తీయించాడు, లెక్క చూసి రమ్మన్నాడు. రాశి పక్కన ఒకాయన వలుపు చేస్తున్నాడు, యాభై ఏళ్లుంటాయి. నేలలో పాతిన గునపం మీద కాయని పొడవడం, పక్కకి తిప్పడం, మూడు పోట్లకి డొక్క ఊడిపోతోంది, చెయ్యి ఆగట్లేదు. నన్ను చూసి ఆపేశాడు. మాస్టారూ, మీరు నన్ను జోనల్ ఆటలకి తీసుకెళ్లారండి, బూట్లు లేవంటే మీ బూట్లిచ్చారు, రెండు సైజులు పెద్దవి, ముందు గుడ్డలు కుక్కుకుని ఆడేనండి అన్నాడు. నేనా సంగతి పూర్తిగా మర్చిపోయాను. ఒక బొండం కొట్టిచ్చి రాశి మీదే కూర్చోబెట్టాడు, రెండు గంటలు మాట్లాడుకున్నాం, ఆ రోజు ఆడిన పదిమంది పేర్లూ చెప్పాడు. వేపచెట్టు అప్పుడూ లేదు కదండీ, అయినా ఆ సాయంత్రం నేను బస్సులో పాట పాడుకుంటూ వచ్చాను.

మొదటిసారి పోయిందేంటో సరిచూసుకోవడానికి వెళ్లాను. రెండోసారి పని మీద వెళ్లాను, మనిషి దొరికాడు. అప్పట్నుంచి మా బ్యాచ్‌లో ఎవరు సొంతూరు వెళ్తానన్నా నేను అడిగేది ఒకటే, అక్కడ ఏం పనుంది, ఎవర్ని కలుస్తారు అని. రెండింటికీ జవాబు లేకపోతే ఆగమంటాను.

ఇక్కడొక మాట పుస్తకంలోది. ఈ పాత రోజుల బెంగకి నోస్టాల్జియా అని పేరు పెట్టింది 1688లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, స్విట్జర్లాండ్ మీద బెంగపెట్టుకున్న వాళ్లని చూసి దీన్నొక రోగం కింద రాశాడు. ఇప్పటి మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని రోగం అనట్లేదు. వాళ్లు కనిపెట్టిన ఇంకో సంగతుంది, పెద్దవయసు వాళ్లని జీవితంలో గుర్తున్నవి చెప్పమంటే ఎక్కువగా పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల లోపు జరిగినవే చెప్తారంట. మీకు ఆఫీసులో ఆఖరి పదేళ్లు గుర్తురాకుండా కాలేజీ రోజుల మ్యాచులే కళ్ల ముందు ఆడుతున్నాయంటే మీకేదో అయిందని కంగారు పడక్కర్లేదు, అందరికీ అంతే. ఆ వయసులో మీరు చేసింది ఏంటండీ, ఆడారు, నాటకాలు చూశారు, తిరిగారు. అందుకే మందు కూడా అక్కడే ఉంది.

ఆట గురించి. నా తప్పు ముందు చెప్తాను, మీరు చెయ్యకండి. రిటైరైన నెలకే పాత విద్యార్థులు వాలీబాల్ ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టి పిలిచారు. 31 ఏళ్లు పిల్లలకి వార్మప్ లేకుండా కోర్టులో అడుగెట్టద్దని చెప్పినవాణ్ణి, ఆ ఉత్సాహంలో తిన్నగా లోపలికెళ్లిపోయాను. పది నిమిషాల్లో స్మాష్‌కి ఎగిరాను, దిగేసరికి వెనకనుంచి ఎవరో పిక్క మీద రాయి పెట్టి కొట్టినట్టయింది. పిక్క కండ చిరిగింది. ఏడు వారాలు మంచం, తర్వాత కర్ర. చేతికి ఆట గుర్తుంటుందండి, ముప్ఫై ఏళ్లయినా బంతి ఎటొస్తుందో చెయ్యి కనిపెట్టేస్తుంది, పిక్కకీ మడమ నరానికీ అది తెలీదు, వాటికి సాగే గుణం తగ్గిపోయుంటుంది. ఊపిరి నెలలోనే దారికొస్తుంది గాని కండలూ నరాలూ కుదురుకోడానికి నెలలు పడుతుంది. దెబ్బలన్నీ ఆ మధ్యలోనే తగులుతాయి, నాకు బాగానే ఉంది అనుకునే రోజుల్లోనే.

అందుకని వరస ఇలా పెట్టుకోండి. ముందు డాక్టర్ దగ్గరికెళ్లి నేను ఆట మొదలుపెడతాను అని చెప్పి బీపీ, షుగరు, ఆయన రాస్తే ఈసీజీ చూపించుకోండి. మెట్లెక్కుతుంటే ఛాతీలో పట్టేసినట్టుంటే, కళ్లు తిరుగుతుంటే అది తేలేదాకా ఆట మాట ఎత్తద్దు. తర్వాత నెల రోజులు నడక ఒక్కటే, రోజుకి అరగంట, వారానికి అయిదు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 150 నిమిషాలు అదేనండి. అదే సంస్థ పెద్దవాళ్లకి వారంలో మూడు రోజులన్నా బ్యాలెన్సు, బలం పెంచే కసరత్తు ఉండాలంటుంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, ఇంతే, ఖర్చు లేదు. రెండో నెల గోడకి బంతి కొట్టుకోండి. మూడో నెల కోర్టు.

మీది బాల్ బ్యాడ్మింటన్ కావడం మీ అదృష్టం అంటాను. షటిల్ సింగిల్స్ అయితే ఒక్క మనిషి కోర్టంతా పరిగెట్టాలి, మన ఆటలో అయిదుగురు ఉంటాం, ఎవరి జాగా వాళ్లది. ముందు మీరు బ్యాక్ ఆడేవారేమో తెలీదు, ఇప్పుడు మాత్రం ఫ్రంటుకి రండి, వెనక్కి పరిగెత్తి వెనక్కే పడ్డమే ఈ వయసులో పెద్ద ప్రమాదం, తుంటి విరిగితే మనిషి కోలుకోవడం చాలా కష్టం. ఇంకోటి, చలికాలం మన డెల్టాలో మంచు ఎంతలా కురుస్తుందో మీకు తెలుసు, కాలవ గట్టు పక్క గ్రౌండ్ అయితే మరీను. ఉన్ని బంతి ఆ తడికి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, పసుపు రంగు ముదురుతుంది, కొడితే టంగుమనాల్సింది దబ్బుమంటుంది, ఆ దబ్బు మోచేతికీ భుజానికీ ఎక్కుతుంది. మేం డిసెంబర్, జనవరిలో ఎండ గడ్డి మీదకొచ్చేదాకా కోర్టులోకి దిగం. నెట్ కట్టి, టీ తాగి, నిన్నటి మ్యాచ్ గురించి వాదించుకుంటూ కూర్చుంటాం. నిజం చెప్పాలంటే ఆ అరగంట కోసమే సగం మంది వస్తారు.

ఆడలేనివాళ్లు కూడా ఆటలోనే ఉండొచ్చు, ఇది చాలామందికి తట్టదు. మా 78 ఏళ్ల పెద్దాయన మోకాళ్లు మార్పించుకున్నారు, ఆడరు. కుర్చీ వేసుకుని అంపైరింగ్ చేస్తారు, మా పాత పద్ధతిలో 29 పాయింట్లకే గేమ్ లెక్కపెడతారు, ఆయన లెక్క తప్పితే ఎవడూ మాట్లాడడు, ఆయన రాకపోతే ఆ రోజు ఆట చప్పగా ఉంటుంది. సి.కె. నాయుడు గారు మన తెలుగు కుటుంబమే కదండీ, 1932లో ఇండియా మొదటి టెస్టుకి కెప్టెన్, అరవై దాటాక కూడా రంజీ ట్రోఫీ ఆడారు. అందరం ఆయనంత వాళ్లం అవలేం గాని, అరవై అంటే ఆట అయిపోయినట్టే అని ఎవరన్నా అంటే ఆయన్ని తల్చుకోండి.

చూడ్డం కూడా ఒంటరిగా వద్దు. 1983 జూన్ 25 రాత్రి మీకు గుర్తుండే ఉంటుంది, మనవాళ్లు 183కే అయిపోయారు, అందరం ఆశ వదిలేసుకున్నాం, రేడియో మాత్రం వదల్లేదు, వెస్టిండీస్ 140కి ఆలౌటయ్యేసరికి వీధి వీధంతా మేలుకుంది. ఇప్పుడు ఇంట్లో పెద్ద టీవీ ఉంది, పక్కన మనిషి లేడు, అందుకే ఆ రుచి లేదు. మేం ఒకరింట్లో చేరి చూస్తాం. మా మనవడు హైదరాబాద్‌లో షటిల్ నేర్చుకుంటున్నాడు, వాడికి నా మాటలంటే పెద్ద పట్టింపు లేదు. ఓ ఎండాకాలం సెలవుల్లో సాత్విక్ సాయిరాజ్ మన అమలాపురం కుర్రాడేరా, చిరాగ్ శెట్టితో కలిసి ఏషియన్ గేమ్స్ డబుల్స్‌లో బంగారు పతకం తెచ్చింది ఆయనే అని చెప్పి, బండి మీద అమలాపురం తీసుకెళ్లాను. దార్లో తాతా నువ్వు ఆడే ఆ ఉన్ని బంతి ఆట ఏంటి అన్నాడు. ఆ ప్రశ్న కోసం నాలుగేళ్లు చూశానండి నేను.

నాటకం, సంగీతం గురించి. మా బ్యాచ్‌లో రైసుమిల్లులో గుమాస్తాగా చేసిన ఒకాయన ఉన్నారు, ఆయనకి 74. ఒకప్పుడు పద్యం అంటే ప్రాణం పెట్టే మనిషి, పదేళ్లుగా నాటకానికి పిలిస్తే రానన్నారు, ఇప్పటివాళ్లు పాడటం రాదు, నోట్లో నమిలేస్తున్నారు అనేవారు. మేం కూడా అదే నిజం అనుకున్నాం. ఒకరోజు కోర్టులో వెనకనుంచి అరిచినా పలక్కపోతే అనుమానం వచ్చి చెవుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. రెండు చెవులూ బాగా తగ్గిపోయాయి, ముఖ్యంగా సన్నటి శబ్దాలు. వయసుతో పోయేవి ముందు అవే, పద్యంలో మాట తెలిసేది కూడా వాటితోనే. మిషను పెట్టించారు. ఆ ఏడాది శ్రీరామనవమి పందిట్లో పద్యనాటకం, ముందు వరసలో కూర్చోబెట్టాం. హార్మోనియం శ్రుతి అందుకోగానే ఆయన చెయ్యి మోకాలి మీద తాళం వేయడం మొదలైంది. కాటిసీనులో ఒక పద్యం వచ్చింది, మూడో పాదం దగ్గర నటుడు రాగం తీస్తున్నాడు, ఈయన కళ్లు మూసుకుని కింద నుంచి నాలుగో పాదం అందుకున్నారు, గొంతు వణుకుతోంది గాని శ్రుతి తప్పలేదు. ఆ నటుడికి వినపడింది. అతను ఆపి, ఈయన వైపు తిరిగి, చెయ్యి ఎత్తి, ఆ పాదం ఈయన్నే పూర్తి చెయ్యనిచ్చి, తర్వాత మళ్లీ తను అందుకున్నాడు. పందిరంతా వన్స్‌మోర్ అని అరిచింది. ఈయన ఏడుస్తూనే ఉన్నారు. ఇప్పుడు సాయంత్రాలు వాళ్ల అరుగు మీద ముగ్గురు పిల్లలు పద్యాలు నేర్చుకుంటున్నారు.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు చెప్పానంటే, నాకు ఇష్టం పోయింది అనుకునేముందు కళ్లూ చెవులూ చూపించుకోండి. చదవడం మానేసినవాళ్లలో చాలామందికి ఉన్నది శుక్లమే. బంతి సరిగ్గా కనపడక ఆట మానేసి, మోకాళ్ల మీద నెపం వేసినాయన కూడా మాలో ఉన్నారు. ఆపరేషన్ అయ్యాక ఆయనే ఇప్పుడు అందరికంటే ముందు వస్తున్నారు.

నాటకాలు ఎక్కడ వేస్తారు అని అడక్కండి, వెతికితే ఇప్పటికీ ఉన్నాయి. జనవరిలో భీమవరం మావుళ్లమ్మ గుడి ఉత్సవాలప్పుడు కనుక్కోండి, పరిషత్తు పోటీలు చూడండి, ఊళ్లలో నవమికి వినాయకచవితికి ఎవరో ఒకరు వేయిస్తూనే ఉన్నారు. లేకపోతే మీరు పదిమంది కలిసి వేయించండి, తలా కొంచెం వేసుకుంటే హరికథ చెప్పించడానికి పెద్ద ఖర్చవదు. బొమ్మలాట మీద ఇష్టం ఉంటే కాకినాడ దగ్గర మాధవపట్నంలో తోలుబొమ్మలు ఇంకా చేస్తున్నారు. రాత్రంతా మేలుకోవడం మాత్రం మానేయండి, పన్నెండింటికి లేచి వచ్చేయండి, తెల్లారేదాకా కూర్చుంటే మర్నాడు బీపీ చెప్తుంది.

ప్రయాణం గురించి నా లెక్క ఏంటంటే పొద్దున వెళ్లి సాయంత్రం దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండాలి. మన దగ్గర దానికి లోటేముందండి. రాజమండ్రి ఒక్కటే రెండు మూడు రోజులు తిరగొచ్చు, ఒక్కరోజులో అన్నీ పెట్టుకోవద్దు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడండి, మీరు ఇరిగేషన్ మనిషి కూడాను. 1852కి పూర్తయిన ఆ ఆనకట్ట వల్లే కదా మనం ఇవాళ ఈ పచ్చదనంలో కూర్చున్నాం. కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి స్లూయిసు ఎలా పనిచేస్తుందో, కాలవలకి నీళ్లు ఎప్పుడు వదిలేవారో మీరు చెప్తే వాళ్లు ఎక్కడా వినని సంగతులు వింటారు. ఇంకో రోజు దామెర్ల రామారావు గారి చిత్రశాల, 28 ఏళ్లు కూడా నిండకుండా 1925లో పోయిన మనిషి, ఆ బొమ్మల ముందు ఎవరూ తొందరపెట్టకుండా గంటసేపు కూర్చోవచ్చు. సాయంత్రం పుష్కరాల రేవులో కూర్చుంటే హేవలాక్ వంతెన కనపడుతుంది, 1897 నుంచి 1997 దాకా వందేళ్లు రైళ్లు మోసింది. చిన్నప్పుడు ఆ వంతెన మీద రైలెక్కి అమ్మ చేతిలోంచి కానీ తీసుకుని గోదాట్లోకి విసిరినవాళ్లు మీ బ్యాచ్‌లో ఇద్దరన్నా ఉంటారు, అడిగి చూడండి, ఇక ఆ సాయంత్రం మీరేం చెయ్యక్కర్లేదు.

కార్తీకమాసంలో ఒక్కరోజులో పంచారామాలు అని బస్సులు వేస్తారు, ఓసారి మేం అలా వెళ్లి పాడైపోయాం. రాత్రి నిద్ర లేదు, అమరావతి దూరం, ప్రతి చోటా క్యూ, ఆఖరి గుడి దగ్గరికొచ్చేసరికి ఇద్దరు బస్సు దిగలేదు. ఇప్పుడు ఒక్కో గుడి ఒక్కో నెల పెట్టుకుంటాం, కార్తీకం కాని రోజుల్లో. ద్రాక్షారామంలోనూ సామర్లకోటలోనూ లింగం రెండంతస్తుల ఎత్తు, పైభాగం చూడాలంటే మెట్లెక్కాలి, మోకాళ్లు ఒప్పుకోకపోతే కింద నుంచే దణ్ణం పెట్టుకోండి. భీమవరం గునుపూడిలో లింగం పౌర్ణమికి తెల్లగా అమావాస్యకి ముదురు రంగుగా కనిపిస్తుందంటారు, మేం రెండు రోజులూ వెళ్లి చూసొచ్చాం, ఒకే గుడికి రెండు ప్రయాణాలు దొరికాయి. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి తీరాల్సిందే. ఎత్తైన ప్రభని భుజాల మీద మోస్తూ కౌశిక కాలవ నీళ్లలోంచి దాటిస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. కాకపోతే పెద్దవాళ్లు జనంలోకి దూరద్దు, ముందే వెళ్లి కాస్త ఎడంగా జాగా చూసుకోండి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. మొదటి రోజే మునగాలని పట్టు పట్టకండి, పన్నెండు రోజులూ పుష్కరమే, రద్దీ లేని రోజు చూసుకుని చిన్న రేవుకి వెళ్లండి. పాపికొండలు వెళ్తే లైఫ్ జాకెట్ దిగేదాకా విప్పద్దు, 2019 సెప్టెంబర్‌లో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనం మర్చిపోకూడదు.

ఖర్చు గురించి రెండు ముక్కలు. ఆర్టీసీలో అరవై దాటినవాళ్లకి టికెట్లో 25 శాతం తగ్గింపు ఉంది, ఆధార్ కార్డు దగ్గరుంచుకోండి. ఆడవాళ్లకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టుకి డబ్బులే లేవు. రైల్లో సీనియర్ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, కింది బెర్తు కోటా మాత్రం ఉంది, బుక్ చేసేటప్పుడు వయసు సరిగ్గా ఇవ్వండి.

ఎవరూ బయటికి చెప్పనిది ఇంకోటి ఉంది. బాత్రూము భయంతో ప్రయాణాలు మానేసేవాళ్లు బోలెడుమంది. మగవాళ్లకి ప్రోస్టేటు, ఆడవాళ్లకి సరైన చోటు ఉండదని పొద్దున్నుంచి నీళ్లు తాగరు, ఇంటికొచ్చాక మూత్రంలో మంట, జ్వరం. మేం ఎక్కడికెళ్లినా ముందే చూసి పెట్టుకుంటాం, ఏ బస్టాండు శుభ్రంగా ఉంటుంది, ఏ పెట్రోలు బంకులో తాళం అడిగితే ఇస్తారు, గంటన్నరకోసారి ఆగుతాం, ఎవరూ అడగక్కర్లేకుండా ఆగుతాం. ఆ ఒక్క ఏర్పాటు చేశాక మా ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. షుగరు మందులు వేసుకునేవాళ్లు జేబులో నాలుగు పంచదార బిళ్లలు ఉంచుకోండి, టైముకి తినండి, ఆత్రేయపురం వెళ్తే పూతరేకు తినద్దని నేను చెప్పలేను గాని ఇద్దరికి ఒకటి చాలు.

ఇంట్లో వద్దంటున్నారు అన్నారు చూడండి, దాని గురించి కొంచెం ఆలోచించండి. నేను చాన్నాళ్లు మా ఆవిడని వెంటేసుకుని తిరిగాను, నా స్కూళ్లు, నా గ్రౌండ్లు, నా స్నేహితులు. ఒకరోజు ఆవిడ, అన్నీ మీ ఊళ్లే చూస్తున్నాం గాని మా ఊరు ఎప్పుడండీ అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. వాళ్లది నర్సాపురం వైపు, పుట్టిల్లు అమ్మేసి పాతికేళ్లయింది. ఆ వారమే బయల్దేరాం. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కాం, ఆవిడ కావాలని అంచు దగ్గర నిలబడింది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఇక్కడే రేవు దాటుతూ ఏడ్చానండి, మీరు చూళ్లేదు, అటు తిరిగి ఎవరితోనో ఆటల గురించి మాట్లాడుతున్నారు అంది. నలభై అయిదేళ్ల తర్వాత చెప్పిందండి ఆ మాట.

వాళ్ల వీధిలో ఇల్లు లేదు. పక్కింటి అరుగు మీద ఒక ముసలావిడ లేసు అల్లుతోంది. నర్సాపురం లేసు మిషనరీల కాలం నుంచీ ఉన్న పని, మా అత్తగారు కూడా కూలికి అల్లేవారు. మా ఆవిడ పక్కన కూర్చుని, ఒకసారి ఇవ్వమ్మా అని ఆ సూది తీసుకుంది. పెళ్లయ్యాక ఆవిడ లేసు ముట్టుకోవడం నేను చూడలేదు. దారం ఎడంచేతి చూపుడువేలికి చుట్టింది, సూది కొక్కెం లోపలికెళ్లింది, లాగింది, ఒక గొలుసు, రెండు గొలుసులు, ఆ తర్వాత కళ్లు అటు తిప్పి ముసలావిడతో మాట్లాడుతూనే ఉంది, వేళ్లు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. నేను బొమ్మలా నిలబడిపోయాను. ఇప్పుడు మా టీవీ మీద ఉన్నది ఆ తర్వాత అల్లిన లేసే.

అందుకని మీ ఇంట్లో ఆవిణ్ణి ఒక్కసారి అడగండి, నీకెక్కడికి వెళ్లాలనుంది అని. ముందు ఆ ఊరు వెళ్లండి. తర్వాత మీ ఆటకి ఎవరూ అడ్డు చెప్పరని నా నమ్మకం.

ఒక్క హెచ్చరిక. పైవన్నీ మామూలు బెంగకి. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన కూర కూడా రుచి తెలీకపోవడం, నేనుండి ఎవరికి ఉపయోగం అనిపించడం ఉంటే అది బెంగ కాదు, జబ్బు, దానికి మందుంది. డాక్టర్ని కలవండి, లేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వానిదే, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులడగరు. మా బ్యాచ్‌లో ఒకరు భార్య పోయాక అలా అయిపోయారు, మేం ఆటకి రా ఆటకి రా అని లాగాం, అది సరిపోలేదు, మందులు మొదలుపెట్టిన తర్వాతే కోర్టుకి వచ్చారు. ముందే తీసుకెళ్లాల్సింది, ఆ తప్పు మాది.

ఇక బ్యాటు సంగతి. పారేయకండి. కిందకి దించి ముందు ఫ్రేము చూడండి, చెక్క బ్యాటు ప్రెస్సులో బిగించకుండా ఏళ్లకేళ్లు వదిలేస్తే మెలి తిరుగుతుంది, బల్ల మీద బోర్లా పెడితే ఊగుతుందో లేదో తెలిసిపోతుంది. ఊగకపోతే, గట్ కన్నాల దగ్గర చీలిక లేకపోతే గట్టింగ్ చేయించుకోవచ్చు, చెక్క పాతబడింది కాబట్టి మరీ బిగువుగా లాగద్దని చెప్పండి. ఊగితే ఆడ్డానికి పనికిరాదు, గోడకి తగిలించుకోండి, నా దగ్గర రెండు బ్యాట్లు అదనంగా ఉన్నాయి. తణుకు నుంచి రావులపాలెం ఎంతదూరమండీ, సిద్ధాంతం వంతెన దాటితే వచ్చేసినట్టే. మెసేజ్ పెడితే గ్రౌండ్ ఎక్కడో చెప్తాను. మొదటి ఆదివారం ఆడద్దు, క్యాన్వాస్ బూట్లు వేసుకుని వచ్చి పెద్దాయన పక్కన కుర్చీలో కూర్చుని లెక్క రాయండి చాలు.